గడియ ఏ వైపు ఉంది? ఒంటరితనం, వెలి, ఏకాంతం

క్లుప్తంగా: గదిలో మనిషి ఒక్కడే ఉండటం ఒకచోట జబ్బుకు దారి తీస్తుంది, ఒకచోట శిక్ష అవుతుంది, ఇంకోచోట సాధన అవుతుంది. ఆ తలుపు గడియ ఎవరి చేతిలో ఉంది, తలుపు తీస్తే అవతల పలికేవాళ్లు ఉన్నారా అన్నదాన్ని బట్టి ఈ తేడా వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఒంటరితనం, ఊళ్లో వెలి, జైల్లో ఏకాంత నిర్బంధం, కొండమీద సాధకుల ఏకాంతం ఎలా పనిచేస్తాయో పక్కపక్కన పెట్టి చూసే వ్యాసం ఇది.

ఐసొలేషన్ ఇళ్లలోకి వచ్చిన రోజులు

2020 మార్చికి ముందు ‘ఐసొలేషన్’ అన్న మాట ఆసుపత్రుల్లో తప్ప బయట పెద్దగా వినిపించేది కాదు. ఆ నెల 24న లాక్‌డౌన్ ప్రకటించిన కొన్ని వారాలకే అది అందరి నోటా నలిగింది. మేడమీద గదిలో మనిషి, గుమ్మం బయట స్టూలు, దానిమీద మూత పెట్టిన గిన్నె, "పెట్టి వెళ్తున్నా, తీసుకో" అని మెట్ల దగ్గర్నుంచి ఒక కేక. చాలా ఇళ్లలో ఇదే దృశ్యం.

ప్రకటనల్లో అప్పుడే ‘సామాజిక దూరం’ అనే మాట కూడా వచ్చింది. అది చాలామందికి గుచ్చుకుంది. ఊరికి దూరంగా ఇళ్లు, హోటల్లో వేరే గ్లాసు, బావి దగ్గర వేరే వరస చూసిన కుటుంబాలకు సామాజిక దూరం కరోనాతో వచ్చిన కొత్త సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ మార్చిలోనే ‘భౌతిక దూరం’ అనడం మేలని చెప్పింది. తెలుగులోనూ చాలాచోట్ల ఆ మాట వాడటం మొదలైంది. దూరంగా ఉండటం వేరు, దూరం పెట్టడం వేరు అన్న సంగతి ఆ చిన్న మార్పులోనే బయటపడింది.

ఇప్పుడు ఒంటరితనం మళ్లీ వార్తల్లోకి వచ్చింది. 2025 జూన్ 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ దీనిమీద పెద్ద నివేదిక ఇచ్చింది. అప్పటినుంచి వస్తున్న కథనాల్లో ఒక గందరగోళం ఉంది. ఒకే పేజీలో ఒంటరితనం ప్రాణాలు తీస్తుందని ఒక వార్త, రోజూ కాసేపు ఒంటరిగా గడిపితే మనసు బాగుపడుతుందని మరో వార్త కనిపిస్తాయి. రెండూ నిజమే. కానీ అవి రెండు వేర్వేరు విషయాల గురించి చెబుతున్నాయి.

ఈ తేడా తెలుగు మాటల్లో ముందునుంచీ ఉంది. "కాస్త ఏకాంతం దొరికితే బాగుండు" అంటాం. "కాస్త ఒంటరితనం దొరికితే బాగుండు" అని ఎవరూ అనరు. ఏకాంతం దొరుకుతుంది, ఒంటరితనం కమ్ముకుంటుంది, వెలి వేస్తారు. క్రియాపదమే చెప్పేస్తోంది, ఎవరు ఎవరికి ఏం చేస్తున్నారో.

లెక్కలు ఏం చెబుతున్నాయి

ఆ నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దీనితో ముడిపడిన మరణాలు గంటకు సుమారు 100 ఉంటాయని అంచనా, అంటే ఏడాదికి 8,71,000కు పైనే. కమిషన్‌కు సహాధ్యక్షుల్లో ఒకరు భారత సంతతికి చెందిన వివేక్ మూర్తి. అమెరికా సర్జన్ జనరల్‌గా, అంటే ప్రజారోగ్యానికి ముఖ్య అధికారిగా ఉన్నప్పుడు 2023లో ఆయనే ఈ విషయం మీద తమ దేశానికి ప్రత్యేక హెచ్చరిక జారీ చేశారు. అనుబంధాలు లేకపోవడం రోజుకు 15 సిగరెట్లు తాగినంత ముప్పు అన్న పోలిక అప్పుడే బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ పోలిక వెనక జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ బృందం పరిశోధనలు ఉన్నాయి. 2010లో వాళ్లు 148 అధ్యయనాలను, 3 లక్షల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూశారు. గట్టి అనుబంధాలున్నవాళ్లు ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. ఒకరోజు ఒంటరిగా గడిపితే 15 సిగరెట్లు తాగినట్టే అని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఈ లెక్కతో సంబంధం లేదు.

పరిశోధకులు రెండు విషయాలను విడివిడిగా కొలుస్తారు. ఎంతమందితో కలుస్తున్నారు, ఎంత తరచుగా మాట్లాడుతున్నారు అన్నది మొదటిది, బయటినుంచి లెక్కపెట్టగలిగేది. తనకు కావలసినంత దగ్గరితనం దొరుకుతోందా అన్న లోపలి భావన రెండోది. ఈ రెండూ కలిసి ఉండాలని లేదు. భర్త పోయాక ఊళ్లో ఒక్కతే ఉంటున్న పెద్దావిడ ఇంటికి పొద్దున్నే పాలమ్మి, మధ్యాహ్నం పక్కింటి కోడలు, సాయంత్రం భజన బృందం వస్తుంటే ఆవిడ ఒక్కతే ఉన్నా ఒంటరి కాకపోవచ్చు. ఎనిమిదిమంది ఉన్న ఇంటికి కొత్తగా వచ్చిన కోడలికి మనసులో మాట చెప్పుకునే మనిషి ఒక్కరూ లేకపోవచ్చు. లెక్కల్లో ఆమె పేరు ఎక్కడా రాదు.

శరీరంలో ఇది ఎలా పనిచేస్తుందన్నదానికి జాన్ కాసియోపో అనే శాస్త్రవేత్త మంచి వివరణ ఇచ్చాడు. ఒంటరితనం ఆకలి లాంటిది అన్నాడు. కడుపు ఖాళీగా ఉందని ఆకలి చెప్పినట్టే, మనుషులు కావాలని ఒంటరితనం చెబుతుంది. తిండి దొరికితే ఆకలి పోతుంది. మనుషులు దొరక్కపోతే మాత్రం ఈ సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంటుంది, మనిషి నిత్యం కాపలా కాస్తున్నట్టు అయిపోతాడు. నిద్ర మధ్యమధ్యలో తెగిపోతుంది. ఒత్తిడి హార్మోన్లు దిగవు. ఎదుటివాళ్ల చూపులో, మాటలో తిరస్కారం వెతకడం అలవాటవుతుంది. "రెండు రోజులైంది ఫోన్ చేసి, మర్చిపోయారన్నమాట" అనిపిస్తుంది. ఆ కినుకతో మాట్లాడితే అవతలివాళ్లు ఇంకాస్త వెనక్కి జరుగుతారు. "నలుగురిలో కలవండి" అని సలహా ఇచ్చినంత మాత్రాన ఈ చక్రం తెగకపోవడానికి కారణం ఇదే.

ఒంటరితనం డబ్బున్న దేశాల జబ్బు అని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. అదే నివేదిక లెక్కలు వేరుగా ఉన్నాయి. ఒంటరిగా అనిపిస్తోందని చెప్పినవాళ్లు తక్కువ ఆదాయ దేశాల్లో దాదాపు 24 శాతం, ఎక్కువ ఆదాయ దేశాల్లో 11 శాతం. దీనికి కారణాలు ఊహించడం కష్టం కాదు. పేదరికం మనుషుల్ని వలస పంపిస్తుంది. మంచాన పడ్డవాళ్లను బయటికి తీసుకెళ్లే మార్గం ఉండదు. పెళ్లికీ చావుకీ వెళ్లి రావడానికి బస్సు ఛార్జీ కూడా లెక్కే. డబ్బున్న దేశాలు దీన్ని ముందుగా గుర్తించి పేరు పెట్టాయి, అంతే. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో దీనికోసం మంత్రులను పెట్టాయి. జపాన్ పోలీసు శాఖ లెక్క ప్రకారం 2024లో ఇంట్లో ఒక్కరే ఉండి చనిపోయినవాళ్లు 76,020 మంది. వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది 65 దాటినవాళ్లు.

అరుగు పోయిన ఇల్లు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సగటున ఒక మహిళకు పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా ఉండటానికి కావలసిన 2.1 కన్నా ఇది తక్కువ. ఒక్కరో ఇద్దరో పిల్లలు, వాళ్లూ చదువు కాగానే హైదరాబాదో బెంగళూరో డాలసో వెళ్లిపోతే, ఊళ్లో మిగిలేది ఇద్దరు. కొన్నేళ్లకు ఒకరు.

కోస్తా పట్టణాల్లో గోడలమీద ‘ఫ్రీజర్ బాక్సులు అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డులు, కింద ఫోన్ నంబర్లు కనిపిస్తాయి. అమెరికా నుంచి కొడుకు విమానం దిగేదాకా శవాన్ని ఉంచడానికి అవి కావాలి. ఆ రెండు మూడు రోజులు హాల్లో ఆ అద్దాల పెట్టె కంప్రెసర్ చప్పుడు చేస్తుంటుంది. పక్కన కూర్చునేది ఎక్కువగా పనిమనిషి, ఎదురింటివాళ్లు, ఒకరిద్దరు దూరపు చుట్టాలు. పిల్లలకు ప్రేమ లేక కాదు. సెలవు, వీసా, టికెట్టు అన్నీ కుదరాలి. ఆ కొడుకు కూడా ఎక్కడో ఒక ఎయిర్‌పోర్టులో ఒక్కడే కూర్చుని ఉంటాడు.

ఇల్లు కట్టే తీరు కూడా మారింది. పాత ఇళ్లకు వీధి వైపు అరుగు ఉండేది. అరుగు ఇంటిదే, కానీ దారినపోయేవాళ్లు అడగకుండా కూర్చోవచ్చు. ముసలాయన పొద్దుటే అక్కడ కూర్చుంటే ఆయన ఎవరినీ పిలవక్కర్లేదు, వీధే వచ్చి పలకరించి పోయేది. ఒకరోజు ఆయన అరుగుమీద కనిపించకపోతే "పెద్దాయనకు ఒంట్లో బాలేదా?" అని ఎవరో ఒకరు లోపలికి తొంగిచూసేవారు. ఏ ప్రభుత్వ పథకమూ లేకుండా జరిగిపోయే నిఘా అది. అపార్టుమెంటులో ఆ పని జరగాలంటే ముందు గేటు దగ్గర పేరు రాయాలి, తర్వాత లిఫ్టు, తర్వాత మూసిన తలుపు, దానికో చిన్న కన్ను. ఎవరినైనా చూడాలంటే కారణం కావాలి. ఊరికే వచ్చామని చెప్పుకునే వీలు పోయింది.

అయితే అరుగుని మరీ పొగడటానికి లేదు. దానిమీద కూర్చునే హక్కు అందరికీ ఉండేది కాదు. కొన్ని కులాలవాళ్లు ఆ అరుగు ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచేవారు. ఆడవాళ్లు తలుపు వెనక నిలబడి వీధిని చూసేవారు. కొందరికి తోడు ఇచ్చిన ఆ ఏర్పాటే మరికొందరిని వెలిలో ఉంచింది.

వెలి ఎలా వేస్తారు

వెలి వేయడానికి జైలు అక్కర్లేదు, గోడ అక్కర్లేదు. చాటింపు చాలు. ఫలానా కుటుంబంతో ఎవరూ మాట్లాడకూడదు, మాట్లాడితే ఇంత జరిమానా. చాకలి బట్టలు ఉతకడు, మంగలి గడ్డం గీయడు, కిరాణా కొట్టువాడు ఉప్పు ఇవ్వడు, ఆటోవాడు ఎక్కించుకోడు, కూలికి పిలవరు, పొలానికి ట్రాక్టర్ రాదు. పెళ్లికి పిలవరు, చావుకు రారు. ఇందులో అసలు కీలకం జరిమానాలో ఉంది. వెలి వేయబడినవాడిమీద ఊళ్లో చాలామందికి కోపం ఉండకపోవచ్చు, జాలి కూడా ఉండొచ్చు. కానీ మాట్లాడినవాడు కట్టాల్సిన డబ్బు, ఆ తర్వాత వాడికీ అదే గతి పట్టొచ్చన్న భయం, ప్రతి మనిషినీ కాపలాదారుగా మారుస్తాయి. ఊరంతా గడియ అయిపోతుంది.

ఉత్తర తెలంగాణలో, ముఖ్యంగా నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ జిల్లాల్లో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో నడిచే పెద్దల బృందాలు ఇలాంటి బహిష్కరణలు విధించిన సంఘటనలు ఏళ్లుగా వార్తల్లో వస్తూనే ఉన్నాయి. వీడీసీ అని పిలిచే ఈ కమిటీలకు చట్టపరమైన హోదా లేదు. ఎన్నికైన సర్పంచి, పంచాయతీ ఉండగానే ఇవి వేలంపాటలు పెడతాయి, తగువులు తీరుస్తాయి, జరిమానాలు వేస్తాయి. గుడి కట్టించడం, రోడ్డు బాగుచేయించడం లాంటి పనులూ చేస్తాయి కాబట్టి ఊళ్లో వాటికి ఎదురుచెప్పడం ఇంకా కష్టం.

వెలి ఒక్కోసారి అంతటితో ఆగదు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. అంతకుముందు కొన్ని వారాలు అక్కడ సాంఘిక బహిష్కరణ నడిచింది. అది సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలైంది. ముందు మాటలు ఆపేస్తారు, తర్వాత కూలి ఆపేస్తారు, ఆ తర్వాత ఎదుటివాడిని మనిషిగా చూడటం ఆగిపోతుంది. చుండూరు చెప్పే క్రమం ఇదే. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది.

‘వెలివాడ’ అన్న మాట 2016 జనవరిలో మరో రకంగా దేశమంతా వినిపించింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి బహిష్కరణకు గురైన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు ఆవరణలోనే గుడారం వేసుకుని దానికి ఆ పేరు పెట్టారు. ఆ నెల 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల చనిపోయాడు. ఊరి చివరి మాట విశ్వవిద్యాలయం నడిమధ్యకు వచ్చి నిలబడింది.

ప్రాచీన ఏథెన్స్‌తో పోలిస్తే మన వెలి స్వభావం ఇంకా స్పష్టమవుతుంది. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో అక్కడి పౌరులు ప్రమాదకరం అనుకున్న నాయకుడి పేరును కుండపెంకు మీద గీకి ఓటు వేసేవారు. కనీసం 6,000 పెంకులు పడితే ఆ మనిషి 10 ఏళ్లు నగరం వదిలి వెళ్లాలి. ఆస్తి పోదు, గడువు తీరాక తిరిగి రావచ్చు. అదీ అన్యాయమే కావచ్చు, కానీ దానికి హద్దు ఉంది. మన ఊరి వెలికి ఓటు లేదు, గడువు లేదు. మనిషి ఊరు విడిచి వెళ్లడు, ఊళ్లోనే ఉంటాడు. రోజూ అవే ముఖాలు చూస్తాడు, అవి పక్కకు తిరుగుతాయి.

చట్టం సగం దారిలో ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా చేర్చింది. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. కానీ వెలి బాధితులు ఇతర కులాలవాళ్లయితే ఈ చట్టం వర్తించదు. కులపంచాయతీల బహిష్కరణలు ఎక్కువగా సొంత కులం లోపలే జరుగుతాయి. మహారాష్ట్ర మాత్రం ఏ కులానికైనా, ఏ సమూహానికైనా వర్తించేలా 2016లో ప్రత్యేక చట్టం చేసింది. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పెట్టింది. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి చట్టం అవసరం గురించి ఇంతకాలం గట్టి చర్చ జరగకపోవడం బాధాకరం. చట్టం ఉన్నా రుజువు చేయడం తేలిక కాదన్నదీ నిజమే. మాట్లాడకపోవడానికి సాక్ష్యం ఎక్కడినుంచి తెస్తారు? ఉప్పు ఇవ్వని కొట్టువాడు "సరుకు అయిపోయింది" అంటాడు.

ఎవరి ఇంట్లో వాళ్ల బాధ

నాజీ జర్మనీ నుంచి తప్పించుకుని అమెరికా చేరిన రాజకీయ చింతకురాలు హన్నా ఆరెంట్ 1950లలో ఈ విషయాన్ని రాజకీయ కోణంలో విడమరిచి చెప్పింది. ఆమె మూడు స్థితులను వేరుచేసింది. నలుగురితో కలిసి ఏదైనా చేసే వీలు లేకపోవడం మొదటిది. నియంతలు ముందుగా చేసే పని అదే, మనుషుల్ని విడగొట్టడం. ప్రపంచంలో తనకంటూ చోటే లేదనిపించడం రెండోది, అదే అసలైన ఒంటరితనం. తనతో తాను మాట్లాడుకుంటూ ఉండటం మూడోది, ఆలోచన పుట్టేది అక్కడే. రెండో స్థితిలో ఉన్న మనిషి ఏ అబద్ధాన్నయినా పట్టుకుంటాడని ఆమె వాదన. ఎందుకంటే అది వాడిని ఒక గుంపులో చేరుస్తుంది.

ఈ మాట అర్థం కావడానికి నెల్లూరు జిల్లా దూబగుంట కథ చాలు. 1990ల మొదట్లో సారా తాగి వచ్చే మొగుడు, ఖాళీ అయిన కూలి డబ్బు, దెబ్బలు ప్రతి ఇంటి రహస్యంగా ఉండేవి. "నా ఖర్మ" అని ఎవరికి వాళ్లు అనుకునేవారు. 1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలై, ఆడవాళ్లు సాయంత్రం పూట లాంతరు చుట్టూ కూర్చోవడం మొదలుపెట్టాక ఒక సంగతి బయటపడింది. పక్కనున్న ఆవిడ ఖర్మా అదే, ఎదురుగా ఉన్న ఆవిడ ఖర్మా అదే. అందరి ఖర్మా ఒకటే అయినప్పుడు అది ఖర్మ కాదు, సారా కొట్టు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నడిచారు. ఊరినుంచి ఊరికి పాకి ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చదువు నేర్పడం కన్నా ముందు ఆ రాత్రి బడులు చేసిన పని, ఒక్కొక్కరుగా ఉన్నవాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం.

పైన ఉన్నవాళ్లకూ ఒంటరితనం ఉంటుంది, దాని ఫలితం కింద ఉన్నవాళ్లు అనుభవిస్తారు. తెలుగు రాజకీయాల్లో దానికి ‘కోటరీ’ అని పేరు. చుట్టూ ఉన్న నలుగురు ఆయన వినాలనుకునేవే వినిపిస్తుంటే నాయకుడు జనం మధ్య తిరుగుతూనే జనానికి దూరమవుతాడు. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా నడిచిన ఎమర్జెన్సీలో పత్రికలకు సెన్సారు వేశారు. జనానికి వార్తలు తెలియకుండా పోయాయి, ప్రభుత్వానికి జనం మనసు తెలియకుండా పోయింది. 1977 ఎన్నికల్లో ఇందిరాగాంధీ స్వయంగా ఓడిపోయారు. నోళ్లు మూయించినవాళ్లకు తర్వాత ఏమీ వినబడదు.

రెండు రకాల గదులు

ఇంగ్లీషులో జైలు గదికీ సన్యాసి గదికీ ‘సెల్’ అని ఒకటే పేరు. అది కాకతాళీయం కాదు. 1829లో ఫిలడెల్ఫియాలో తెరిచిన ఈస్టర్న్ స్టేట్ జైలు, మఠాల పద్ధతినే మనసులో పెట్టుకుని కట్టింది. కొరడా దెబ్బల కన్నా మౌనం మేలని, ఒంటరిగా కూర్చుంటే ఖైదీ పశ్చాత్తాపపడతాడని క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాళ్ల ప్రభావంతో సంస్కర్తలు నమ్మారు. ప్రతి గదికీ పైకప్పులో ఒక్క కంత, ‘దేవుడి కన్ను’. బయటికి తెస్తే ముఖానికి ముసుగు. ఉద్దేశం మంచిదే. కానీ పశ్చాత్తాపం రాకముందే చాలామందికి మతి చలించింది. 1842లో ఆ జైలు చూసిన చార్లెస్ డికెన్స్, ఒంటిమీద పడే ఏ దెబ్బకన్నా ఇది ఘోరమని రాశాడు. 1890లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఈ పద్ధతిలో ఖైదీలు మందబుద్ధులుగా మారారని ఒక తీర్పులో నమోదు చేసింది.

అండమాన్‌లో 1906లో పూర్తయిన సెల్యులార్ జైలుకు అసలు పశ్చాత్తాపం అన్న ముసుగు కూడా లేదు. మధ్యలో బురుజు, దాన్నుంచి చక్రం ఆకుల్లా 7 వరసలు, దాదాపు 700 గదులు. ఒక వరస ముందు భాగానికి ఎప్పుడూ మరో వరస వీపే కనిపిస్తుంది. ఎవరి ముఖం ఎవరికీ కనపడదు. గడియ సంగతి మరీ ఆలోచించి చేశారు. తలుపు దగ్గర కాకుండా పక్క గోడలో దూరంగా చేసిన గూట్లోకి ఇనుప కడ్డీ వెళ్లి అక్కడ తాళం పడుతుంది. ఊచల్లోంచి చెయ్యి ఎంత చాపినా అందదు. అయినా ఖైదీలు గోడమీద తట్టి సంకేతాలు పంపుకున్నారు. 1933 నిరాహారదీక్షలో ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

స్వతంత్ర భారతంలో ఈ శిక్ష పూర్తిగా పోలేదు. 1978లో సునీల్ బాత్రా కేసులో, ఉరిశిక్ష పడ్డ ఖైదీని ఆ శిక్ష తుదిరూపం దాల్చకముందే ఏకాంత నిర్బంధంలో పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. అందులో విడిగా తన తీర్పు రాసిన జస్టిస్ కృష్ణయ్యర్, జైలు గోడలు రాజ్యాంగాన్ని అడ్డుకోలేవన్న భావన మీద నిలబడ్డారు. ఐపీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఏకాంత నిర్బంధాన్ని ఉంచింది. అన్నీ కలిపి మూడు నెలలు మించకూడదు, ఒక విడతలో 14 రోజులు మించకూడదు. ఖైదీలతో ఎలా వ్యవహరించాలో చెబుతూ 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు, రోజుకు 22 గంటలు, ఆపైన మనిషి మాట లేకుండా వరసగా 15 రోజులు మించి ఉంచడాన్ని పూర్తిగా నిషేధించాయి.

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో తొట్లకొండ ఉంది. సముద్రాన్ని చూస్తూ, రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధారామం. నీళ్లకోసం రాతిలో తొలిచిన తొట్లవల్ల ఆ పేరు వచ్చింది. అక్కడా చిన్న చిన్న గదులే, ఒక మనిషి పడుకోవడానికి సరిపోయేంత. ఇప్పుడు పునాదులే మిగిలాయి. అయినా నిలబడి చూస్తే ఏర్పాటు అర్థమవుతుంది. గదుల వరస బయట నడవ, ఆ దగ్గర్లోనే అందరూ కూర్చునే స్తంభాల మండపం, భోజనశాల, వంటిల్లు. గదిలో ఒక్కడే ధ్యానం చేసుకున్న భిక్షువు గంట తర్వాత నలుగురితో కలిసి తింటాడు. వానాకాలం మూడు నెలలూ ఊళ్లు తిరగకుండా ఒకచోట కలిసి ఉండాలన్నది బౌద్ధ నియమం. గది కొలత అటూ ఇటుగా అండమాన్ గదిదే కావచ్చు. కట్టినవాళ్ల ఆలోచన పూర్తిగా వేరు.

ఏకాంతం వెనక ఉన్న మనుషులు

1896 సెప్టెంబరు 1న 16 ఏళ్ల వెంకటరామన్ తిరువణ్ణామలై చేరాడు. తర్వాత గుడిలో పాతాళలింగం ఉన్న నేలమాళిగలో, పురుగులు కాళ్లు తొలిచేస్తున్నా కదలకుండా కూర్చున్నాడని చెబుతారు. ఆ ఏకాంతం గురించి అందరూ మాట్లాడతారు. అతన్ని ఎత్తుకుని బయటికి తెచ్చినవాళ్లు, నోట్లో పాలు పోసినవాళ్లు, అల్లరి పిల్లల రాళ్లనుంచి కాపాడినవాళ్లు తక్కువగా గుర్తొస్తారు. వాళ్లు లేకపోతే ఆ ఏకాంతం కొద్ది రోజుల్లో మరణమయ్యేది. 1907లో తన సందేహంతో వచ్చి, ఆయనకు రమణ మహర్షి అని పేరు పెట్టింది మన బొబ్బిలి ప్రాంతపు కావ్యకంఠ గణపతి శాస్త్రి. తర్వాతి రోజుల్లో మహర్షి హాల్లో అందరికీ కనిపిస్తూనే ఉండేవారు, తెల్లవారుజామున వంటింట్లో కూరగాయలు తరిగేవారు.

ఇప్పుడు చాలామంది వెళ్తున్న 10 రోజుల విపశ్యన శిబిరాల్లోనూ ఇదే కట్టుబాటు ఉంది. ఫోన్ లేదు, పుస్తకం లేదు, పక్కవాడితో మాట లేదు. కానీ నూరుమంది ఒకే హాల్లో కూర్చుంటారు, ఎవరో వండి వడ్డిస్తారు, గురువుతో మాట్లాడే సమయం ఉంటుంది, పదో రోజు మౌనం విడుస్తారు. దరఖాస్తులోనే మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు. లోపలికి తిరిగి చూడటం అందరికీ అన్ని వేళలా క్షేమం కాదని అనుభవం చెప్పింది కాబట్టి.

అలవాటు లేని మనసుకు కాసేపు కూడా కష్టమే. 2014లో అమెరికాలో టిమోతీ విల్సన్ బృందం కొందరిని 15 నిమిషాలు ఖాళీ గదిలో కూర్చోబెట్టింది. పక్కన ఒక మీట, నొక్కితే కరెంటు షాకు. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో 6 మంది ఊరికే కూర్చోలేక కనీసం ఒకసారి తమకు తామే షాకు ఇచ్చుకున్నారు.

మౌనం సాధన నుంచి శిక్షగా మారడానికి ఎంత తక్కువ దూరమో పాళీ బౌద్ధ గ్రంథాల్లో ఒక ఘట్టం చెబుతుంది. సిద్ధార్థుడు ఇల్లు విడిచిన రాత్రి తోడు వెళ్లిన ఛన్నుడు భిక్షువయ్యాక పొగరుగా ఉండేవాడు. అతనికి బ్రహ్మదండం వేయమని బుద్ధుడు చివరి రోజుల్లో చెప్పాడు. అంటే అతను ఏమైనా అనవచ్చు, సంఘంలో ఎవరూ అతనితో మాట్లాడరు. ఆ మాట విన్న ఛన్నుడు స్పృహ తప్పి పడిపోయాడట. ధ్యానంలో ఇష్టపూర్వకంగా మౌనంగా కూర్చునే సంఘంలోనే, పక్కవాళ్ల మౌనం అంత పెద్ద దెబ్బ. దాని తర్వాత అతను మారి అర్హతుడు, అంటే ముక్తి పొందినవాడు అయ్యాడని, అప్పటితో శిక్ష ముగిసిందని ఆ కథ. ఈ వెలికి తిరిగి వచ్చే దారి ఉంది.

గోల్కొండలో రామదాసు బందీఖానాకు వెళ్తే చీకటి గది, పైన కొద్దిగా వెలుతురు, గోడమీద సీతారామలక్ష్మణుల బొమ్మలు కనిపిస్తాయి. భద్రాచలం గుడికి ఖజానా సొమ్ము వాడాడని తానీషా కంచర్ల గోపన్నను అక్కడ పెట్టించాడని, 12 ఏళ్లు ఉన్నాడని ప్రతీతి. ఆయన కీర్తనల్లో ధ్యానం కన్నా సంభాషణ ఎక్కువ. రాముడితో తగువు పెట్టుకుంటాడు, లెక్కలు అడుగుతాడు, తిడతాడు, తిట్టినందుకు ఏడుస్తాడు. రాముడు పలకకపోతే సీతమ్మను సిఫారసు అడుగుతాడు. గడియ బయట ఉన్నప్పుడు లోపల ఒక మనిషి మాట కోసం ఎంత అల్లాడతాడో, ఆ మాటను ఎలా పుట్టించుకుంటాడో తెలుగులో దీనికన్నా పెద్ద సాక్ష్యం దొరకదు.

ఇకముందు

రెండు రాష్ట్రాల్లోనూ రాబోయే రోజుల్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు పెరుగుతారు. జనాభా లెక్కలు అటే చూపిస్తున్నాయి. బ్రిటన్‌లో డాక్టర్లు మందుల చీటీతో పాటు తోటపని బృందంలోనో పాటల బృందంలోనో చేరమని రాసి పంపే పద్ధతి నడుస్తోంది. మనకు అలాంటి కొత్త ఏర్పాటు వెతకక్కర్లేదు. సారా ఉద్యమం తర్వాత పల్లెపల్లెకూ పాకిన పొదుపు సంఘాలు ఉన్నాయి. పది పదిహేనుమంది ఆడవాళ్లు క్రమం తప్పకుండా ఒకచోట కూర్చోవడం పొదుపు, అప్పుల కోసమే మొదలైంది. కానీ ఎవరు ఈసారి రాలేదు, ఎందుకు రాలేదు అని అడిగే చోటు అది ఒక్కటే మిగిలింది. ఆరోగ్య శాఖ ఎప్పుడైనా ఒంటరితనం మీద పని మొదలుపెడితే మొదట వెళ్లాల్సింది అక్కడికే. మగవాళ్లకు అలాంటిది దాదాపు ఏదీ లేదు, వాళ్లకు మిగిలింది టీ కొట్టు, మందు కొట్టు.

వృద్ధాశ్రమాలు మాత్రం వేగంగా పెరుగుతున్నాయి. అక్కడ మనుషులకు కొదవ ఉండదు. ఒక గదిలో నాలుగు మంచాలు, టీవీ, వేళకు అన్నం. జారి పడితే తలుపు పగలగొట్టాల్సి వస్తుందని కొన్నిచోట్ల స్నానాల గదికి లోపలి గడియ తీసేస్తారు. భద్రత కోసమే. కానీ తోడు దొరికిన ఆ చోట ఏకాంతం పోతుంది. 75 ఏళ్ల మనిషి తన మందులు, తన పూజ పుస్తకం, చనిపోయిన భార్య ఫోటో పెట్టుకోవడానికి సొంత తాళంచెవి ఉన్న చిన్న బీరువా అడుగుతాడు. పొద్దున్నే అందరూ లేవకముందు వరండా చివర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఎవరైనా వచ్చి పలకరిస్తే పలుకుతాడు.